పైకప్పుకు అతికించిన ముక్కు

2012 జూలై 14

తెచ్చేశాడు. ఈయన ఒక పని నెత్తికెత్తుకుంటే ఇల్లంతా దాన్ని మోయాలి. (నోటితో ‘మీరు’ అనే అంటాను. ఇక్కడ ఎవరు చూడొచ్చారు?)

వెనక గల్లీ జగన్నాథరావు గారు కుటుంబంతో పెళ్లికి పోయి వచ్చేసరికి స్టెబిలైజర్ కాలి, సోఫా బొగ్గయి, గోడలన్నీ పొగచూరి ఉన్నాయి. అది చూసొచ్చిన రోజు నుంచి ఈయనకు ఒకటే ధ్యాస. అన్నం ముందు కూర్చుంటే చాలు, “మంటతోని కాదు దమయంతీ, పొగతోనే మనుషులు పోతరు” అని మొదలు. నాకు ముద్ద దిగదు. ఆఫీసు అయ్యాక బషీర్‌బాగ్ నుంచి ఇంటికి రాకుండా ట్రూప్ బజార్ కొట్లన్నీ తిరిగాడు. పెళ్లి చూపులకు కూడా ఇంత వెతికి ఉండడు.

పొగ తగిలితే అరిచి చెప్పే డబ్బా అట, పైకప్పుకు బిగించాలట. అందులో రెండు రకాలట. ఒకటి భగ్గుమనే మంటను తొందరగా పసిగడుతుందట. ఇంకొకటి లోపల చిన్న వెలుతురుతో పనిచేస్తూ, మెల్లగా రాజుకునే పొగను పసిగడుతుందట. “మనింట్ల దీపాలు, సాంబ్రాణి, పాత పరుపులు. అన్నీ మెల్లగ రాజుకునేటియే” అని రెండోది తెచ్చాడు. అదీ బ్యాటరీది. కరెంటు పోయినప్పుడే కదా కొవ్వొత్తులు వెలిగించేది అని. కొట్టాయన “సార్, ఇవి ఆఫీసులోళ్లు తీస్కపోతరు, ఇండ్లల్ల ఎవ్వరు పెడ్తలేరు” అన్నాడట. దాంతో మా ఆయన ఛాతీ ఇంకాస్త పెరిగింది.

ఎక్కడ పెట్టాడు? సరిగ్గా నా పొయ్యి నెత్తిన. “పొగ పుట్టేది ఆడనే కదా” అని. దానితో వచ్చిన పుస్తకం మొదటి రెండు పేజీలు నాకూ అత్తమ్మకూ గట్టిగా చదివి వినిపించి, మిగతాది టీవీ గ్యారంటీ కార్డు పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నాకు జ్వరం తగ్గి వారమే అయింది. స్టూలు పట్టుకుని నిలబడే ఓపిక కూడా లేదు. ముక్కు ఇంకా దిబ్బడ వేసే ఉంది.

జూలై 15

పప్పులో పోపు. ఎండుమిర్చి నూనెలో పడిందో లేదో, నెత్తి మీద పిశాచం అరిచినట్టు అరిచింది. గరిటె చేతిలోంచి జారిపోయింది. పై గదిలో కిరాయికుండే భాగ్యశ్రీ, తన రూమ్మేటు తడి తలలతో కిందికి పరుగెత్తుకొచ్చారు. హాల్లోంచి అత్తమ్మ “ఎవరికేమైందే, అంబులెన్సు వచ్చిందా?” అని ఒకటే కేకలు. ఈయన మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

“చూసినవా? పని చేస్తున్నది!”

జూలై 16

పూరీలు. మళ్లీ.

జూలై 18

చేపల వేపుడు. మళ్లీ. పై పిల్లలు ఇప్పుడు దిగి రావడం కూడా మానేశారు. రేపు నిజంగా ఇల్లంటుకున్నా దిగరు. ఈ మాట ఈయనతో అంటే, అది వాళ్ల తప్పని తేల్చాడు.

జూలై 20

దాని మూతికి స్నానపు టోపీ తొడిగాను. ఎప్పుడో హోటల్లో దిగినప్పుడు ఇచ్చారు, దాచుకున్నాను. ఎంత హాయిగా ఉందో వంట. మూడు పోపులు పెట్టాను, అవసరం లేకపోయినా.

సాయంత్రం ఈయన చూశాడు. ఇక చూడు రామాయణం. నేను మనుషుల ప్రాణాలతో ఆడుకుంటున్నానట. ‘ముందు ఆ పుస్తకం పూర్తిగా చదవండి’ అన్నాను. కోపంగా బీరువా తీసి చదివాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. వంటింట్లో పెట్టకూడదట, పొయ్యికి దూరంగా ఉండాలట, ఫ్యాను గాలి తగలకూడదట. స్టూలెక్కి విప్పి, హాల్లో దేవుని మూలకూ వంటింటి తోవకూ మధ్యన బిగించాడు.

ఇప్పుడు అత్తమ్మ వంతు. ఇవాళ శుక్రవారం, సాంబ్రాణి. బొగ్గుల పళ్లెం వరండాలో పెట్టుకొమ్మన్నాడు కొడుకు. “పెండ్లయి వచ్చిన కాన్నుంచి దేవుని ముంగట వేస్తున్న పొగ. గిప్పుడు డబ్బా కోసం గడప బయటేస్తె దేవుడు ఆడికొచ్చి పీల్చుకుంటడారా కిషనూ?” అని ఆమె అలిగి పడుకుంది. ఇద్దరినీ బతిమాలి అన్నం పెట్టేసరికి నాకు ఆకలి చచ్చింది.

ఆగస్టు 3

ఇంగువ అంతా కల్తీ. డబ్బా మూత తీసి ముక్కులో పెట్టుకున్నంత దగ్గరగా చూశాను, ఏమీ లేదు. నారాయణగూడ మార్కెట్ పక్క కొట్టు ఇక మానేయాలి.

ఆగస్టు 6

కొత్త కొట్టు ఇంగువా అంతే. మెంతిపొడీ అంతే. లోకంలో సరుకులన్నీ చచ్చిపోయాయి.

ఆగస్టు 9

పాలు పొయ్యి మీద పెట్టి చిక్కుళ్లు ఒలుచుకుంటూ అక్కడే కూర్చున్నాను, పొయ్యికి వీపు పెట్టి. హాల్లో డబ్బా అరిచింది. అలవాటుగా తిట్టుకుంటూ లేచి చూస్తే గిన్నె అడుగు నల్లగా మాడి, గదంతా పొగ. గదిలో నేనే ఉన్నాను. హాల్లో ఉన్న డబ్బాకు ముందు తెలిసింది.

నాకు వాసన రావడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచి రావడం లేదు. రాశాను కాబట్టి ఇక ఇంగువను తిట్టను.

ఆగస్టు 10

జలుబే. తగ్గితే అదే వస్తుంది.

ఈయనకు చెప్పకూడదు. చెబితే ఆ రోజే గ్యాస్ రెగ్యులేటర్ పీకి బీరువాలో పెట్టి తాళం వేసే మనిషి. రాంనగర్‌లో ఉండే మా ఆడబిడ్డ రేణుక ఎప్పటి నుంచో “వంటమనిషిని పెట్టుకో ఒదినె, నీకేం కర్మ” అంటూనే ఉంది. ఆమెకిది పండగ. నా వంటింట్లో ఇంకొకరు గరిటె తిప్పుతుంటే నేను హాల్లో కూర్చుని టీవీ చూడాలా? వీధి మలుపులో ఉండగానే ఎవరింట్లో ఏం తాలింపు పడిందో చెప్పేదాన్ని. ‘దమయంతి ముక్కు’ అని పెళ్లిళ్లలో నన్ను పిలిచి పులిహోర చూపించుకునేవారు. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే ఆడపిల్లలకు క్యారియర్లు కడుతున్నాను. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, ఇంటి తిండి అని తింటారు. ఆ పని పోతే నాకు పొద్దున లేచి చేసేదేముంది?

ఆగస్టు 21

ఆవిరి పట్టాను. తులసి, మిరియాలు, పసుపు కొమ్ము కాల్చిన పొగ. ఆ పొగకు డబ్బా అరిచింది. నాకు మాత్రం ఏమీ తెలియలేదు.

ఆగస్టు 27

అత్తమ్మ కొత్త వేషం. తన కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మానికి అడ్డంగా వేసుకుంది. గాలి ఆడే బాగుందట. నేను గిన్నెలు పట్టుకుని ఆమె మోకాళ్ల మీదుగా గెంతాలి. ఊరికే కూర్చుంటుందా?

“ఏదో మాడ్తున్నట్టున్నదే.”

“ఏం మాడటం లేదు అత్తమ్మా.”

“జర చూడరాదు?”

చూస్తే వంకాయ అంటుకుంటోంది. ఇట్లా రోజూ. నలభై తొమ్మిదేళ్లు వచ్చాక కూడా అత్త కాపలాలో వంట చేయాల్సి వచ్చింది.

సెప్టెంబర్ 4

క్యారియర్లు నిండుగానే తిరిగొచ్చాయి. పెసరపప్పు పాచిపోయిందట. పిల్లలెవరూ ఒక్క మాట అనలేదు, అరటిపండ్లు కొనుక్కుని తిన్నారట. వాళ్లు తిట్టినా బాగుండేది.

భాగ్యశ్రీ క్యారియర్ల సంచి అక్కడే పెట్టి నిలబడింది. జనగామ వైపు పిల్ల, గ్రూప్స్ రాస్తోంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

“ఆంటీ, మీకు వాసన వస్తలేదా?”

ఆ పిల్లను ఎన్నో మాటలన్నాను. కిరాయికున్నవాళ్లు కిరాయికున్నట్టు ఉండాలన్నాను. తలొంచుకుని వింది, పైకి పోలేదు. తిట్లు అయిపోయాక ఏడ్చాను. అప్పుడు నీళ్లిచ్చింది. ఎవరికీ చెప్పనని నా చెయ్యి పట్టుకుంది. హిమాయత్‌నగర్‌లో చెవి ముక్కు డాక్టరుంటాడట, తీసుకెళ్తానంది. పండగలన్నీ అయ్యాక చూద్దామన్నాను. రేపటి నుంచి క్యారియర్లు కట్టేముందు తానే ఒకసారి వాసన చూస్తానంది. నేను వండినది ఇంకొకరు వాసన చూసి సరేననడం! సరే అన్నాను.

సెప్టెంబర్ 11

రోజూ పొద్దున చీపురు కట్టతో డబ్బా మీట నొక్కుతున్నాను. అది అరిస్తే నా ప్రాణం కుదుటపడుతుంది. ఈయన నెలకొకసారి, మొదటి తేదీన నొక్కుతాడు, పుస్తకంలో అట్లా ఉందట. నెలకొకసారి నొక్కితే నాకేం సరిపోతుంది? ఇప్పుడు దాన్ని తిట్టడం లేదు. అది అరవలేదంటే ఏదీ మాడలేదని లెక్క. ఈయన ఆఫీసుకు బయలుదేరాక, అత్తమ్మ స్నానానికి పోయినప్పుడు నొక్కుతాను. ఆమె అడిగితే బూజు దులుపుతున్నానని చెబుతాను.

అక్టోబర్ 2

అత్తమ్మ పట్టుకుంది. “చీపురు దేవుని దిక్కు లేపుతవేంది? మతి ఉన్నదా?” బూజు అన్నాను. “రోజూ బూజే?” అంది. ఈ ఇంట్లో నాకు ఒక్క క్షణం ఏకాంతం లేదు.

అక్టోబర్ 24

దసరా. స్కూటర్‌కు, మిక్సీకి, కుట్టు మిషన్‌కు బొట్లు పెట్టి, ఈయన స్టూలెక్కి డబ్బాకు కూడా పసుపు కుంకుమ పెట్టాడు. ఎంత శ్రద్ధగా పెట్టాడో! నా పుట్టినరోజు ఏ నెలో కూడా తెలియని మనిషి. జమ్మి ఆకు ఒకటి దానికీ గుచ్చాడు.

నవంబర్ 4

ఇంట్లోకి బల్లి వచ్చింది. చలికి కాబోలు, పొద్దున్నే మొదలుపెడుతుంది. కిచ్ అని ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి. ఎండెక్కాక నోరు మూస్తుంది. కంటికి కనిపించదు. దేవుని మూల వైపు నుంచే వస్తోంది.

అత్తమ్మ ఆనందం ఇంతా అంతా కాదు. ఏదైనా అనుకుంటున్నప్పుడు బల్లి పలికితే అది నిజమై తీరుతుందని ఆమె నమ్మకం. అదేమో ప్రతిదానికీ పలుకుతోంది. “ఈసారి నా మోకాళ్లు జర నయమైతయి.” కిచ్. “సత్యం!” అని వేళ్లతో నేలమీద మూడుసార్లు కొడుతుంది. “భాగ్యశ్రీకి నౌకరీ వస్తది.” కిచ్. “సత్యం!” ఆ పిల్ల సిగ్గుపడుతూనే ఇంకోసారి అడగమంది. మళ్లీ సత్యమే. చదువుకున్న పిల్ల, ఎగురుకుంటూ లైబ్రరీకి పోయింది.

ఈయనకు ఆదివారం నిద్ర పాడైంది. “ఇంట్ల బల్లులు ఎక్కువైనయి” అని విసుక్కుంటూ, నెమలీక తెచ్చి ఆ గోడకు అంటించాడు. నెమలీక చూస్తే బల్లి పారిపోతుందట. అది పారిపోలేదు, ఈక పక్కనే ఉండి ఇంకా కూసింది. అత్తమ్మ కొడుకును తిట్టింది. నేను ఇద్దరికీ చాయ్ ఇచ్చి నా తలనొప్పికి మాత్ర వేసుకున్నాను.

నవంబర్ 8

ఇవాళ నేనూ అడిగాను.

అత్తమ్మ స్నానానికి పోయాక దేవుని మూల ముందు నిలబడ్డాను. పైకి అనలేదు. నా ముక్కు నాకు తిరిగొస్తుందని మనసులో అనుకున్నాను. కిచ్ మంది. ఒళ్లు జలదరించింది. గోడమీద మూడుసార్లు కొట్టాను.

నవంబర్ 9

మళ్లీ అడిగాను. మళ్లీ పలికింది.

నవంబర్ 10

భాగ్యశ్రీ డాక్టరు దగ్గర వచ్చే శనివారానికి పేరు రాయించిందట. వద్దని చెప్పించాను. దేనికి? కాఫీ కలిపేటప్పుడు ఇవాళ ఏదో తగిలినట్టే అనిపించింది. కాఫీయే అయి ఉండాలి. వచ్చేస్తుంది.

చీపురుతో నొక్కడం కూడా మానేశాను. అత్తమ్మ సణుగుడు పడలేక అనుకోవచ్చు. ఇక ఆ అవసరమూ లేదు.

నవంబర్ 13

దీపావళి. గల్లీ అంతా పొగ, కిటికీల్లోంచి హాల్లోకి కూడా వచ్చింది. డబ్బా నోరెత్తలేదు. ఇన్నాళ్లకు దానికి బుద్ధొచ్చింది.

నవంబర్ 19

బల్లి వెళ్లిపోయినట్టుంది. నిన్నటి నుంచి చడీ చప్పుడూ లేదు. నెమలీక పనిచేసిందని ఈయన ఒకటే గొప్ప. అత్తమ్మ కొడుకుతో మాట్లాడటం లేదు. చెప్పాల్సింది చెప్పేసింది కదా, ఇక ఉండటం దేనికి అని నేననుకున్నాను.

నవంబర్ 28

కార్తీక పున్నమి. ఇవాళ రాయలేను.

నవంబర్ 29

రాయకపోతే తల పగిలిపోతుంది.

నిన్న సాయంత్రం అత్తమ్మ ఏడాదికి సరిపడా వత్తుల కట్ట నెయ్యిలో నానబెట్టి దేవుని మూల వెలిగించింది. ప్రతి ఏడూ చేసేదే. ఇత్తడి పళ్లెం, దాని కింద పీట, పక్కన ఆమె కూర్చునే బొంత. ఉపవాసం ఉంది కదా, దీపం కొండెక్కేదాకా చూస్తానని అక్కడే గోడకు ఒరిగింది. కట్ట పెద్దది, పళ్లెం చిన్నది. ఒక వత్తి జారి బొంత అంచు మీద పడింది. మంట రాలేదు. లోపలి పాత గుడ్డలు మెల్లగా రాజుకున్నాయి. అచ్చం ఈయన జూలైలో చెప్పినట్టే.

నేను వంటింట్లో ఉన్నాను. మిక్సీలో కొబ్బరి వేస్తున్నాను, ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది. గోడకు అవతలే ఆమె. గుమ్మంలో కుర్చీ ఖాళీగా ఉంది. ఇవాళ అడ్డం లేదు, హాయిగా ఉంది అని కూడా అనుకున్నాను.

భాగ్యశ్రీ గేటు తీస్తూనే “ఆంటీ! ఏందీ వాసన!” అని అరిచింది. వాసన గేటు దాకా పోయింది. నేను హాల్లోకి వచ్చేసరికి తెల్లటి పొగ, అందులో ఆ పిల్ల అత్తమ్మను చంకల కింద పట్టి లాగుతోంది. చీర కుచ్చిళ్లు అంటుకున్నాయి. అత్తమ్మ నిద్రమత్తులో చేత్తో ఆర్పబోయింది. నేను బిందె నీళ్లు కుమ్మరించాను. ఆమె కుడిచెయ్యి, పాదం కాలాయి. దగ్గు ఆగలేదు. ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి తీసుకుపోయాం. పొగ ఎక్కువ మింగిందట. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నా మొహం చూసే అన్నాడు.

ఈయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి బూట్లతోనే స్టూలెక్కి మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. బ్యాటరీ తీసి, బీరువాలోంచి పుస్తకం తెచ్చి, నిలబడే చదివాడు. ఈసారి గట్టిగా చదవలేదు. నాకు చూపించాడు. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు ఆగి ఆగి కిచ్‌మని కూస్తుందట. చలిపొద్దున ఎక్కువగా కూస్తుందట. మాటిమాటికీ అరిపిస్తే బ్యాటరీ తొందరగా అయిపోతుందట.

అది బల్లి కాదు.

ఆయన నెమలీక పీకి చేతిలో పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. “నేనే తెస్తిని, నేనే చదవకపోతిని. అది కూస్తుంటె దానికే నెమలీక పెడ్తిని” అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

“నువ్వు పక్కనే ఉంటివి కదా. నీకు వాసన రాలేదా?”

“ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది” అన్నాను.

ఇంకా అబద్ధమే. అత్త ఆసుపత్రిలో ఉంటే, కోడలు ఇంకా అబద్ధమే చెబుతోంది. రోజూ చీపురుతో నొక్కి నొక్కి దాని ప్రాణం తీసింది నేను. అది చచ్చిపోతూ కూస్తుంటే, సత్యం అని గోడ కొట్టి, డాక్టరును వద్దన్నదీ నేనే.

డిసెంబర్ 1

ఆసుపత్రిలో అత్తమ్మకు జావ తాగించాను. పొగకు గొంతు బొంగురుపోయింది, మాట గుసగుసలా వస్తోంది. బల్లి సంగతి ఈయన చెప్పాడట. నవ్వబోయి దగ్గింది.

“గంతేనా? బ్యాటరీనా? నేను రోజూ అడిగితి గదే.”

“నీ మోకాళ్ల గురించేగా అత్తమ్మా.”

“మోకాళ్లు ఒక్కసారే. తర్వాతదంత నీ ముక్కు కోసమే.”

చెంచా తిరిగి గిన్నెలో పెట్టాను.

“మల్లెపూలు తెస్తవు, తలల పెట్టుకుంటవు. ముందుగాల ముక్కుకు తాకించుకుంటుంటివి, గిప్పుడు తాకించుకుంటలేవు. నాకు ఎరుకలేదా? నా కోడలికి వాసన మళ్ల రావాలె అని రోజు అడిగిన. అడిగినప్పుడల్ల సత్యమన్నది.”

“మరి నాతో అనలేదేం?”

“అంటె ఒప్పుకుంటవా? కొట్లాడుతవు. అందుకే కుర్సీ తెచ్చి గుమ్మంల ఏస్కున్న. నీకు రాకపోతె నాకొస్తది కదా వాసన.”

ఆ కుర్చీని ఎన్ని తిట్లు తిట్టుకున్నాను. ఏదో మాడుతోందే అని అడిగినప్పుడల్లా నా పీకల మీద కూర్చున్నట్టు ఉండేది. పున్నమి నాడు ఒక్కరోజు ఆమె తన దీపం కోసం ఆ కుర్చీ వదిలింది. నా ముక్కు ఆ రోజు అక్కడ లేదు.

ఆమె పాదాల దగ్గర తల పెట్టుకుని ఏడ్చాను. కాలిన పాదం, జాగ్రత్త అని నర్సు కసిరింది.

డిసెంబర్ 2

చెప్పేశాను. ఈయనకు, అంతా.

“జులై సందా? జులై సంది నాతోని చెప్పలేదా?”

“చెబితే స్టవ్ తీసేస్తారని.”

“తీసేస్తనే!” అని అరిచాడు. అని, నిజంగానే పోయి రెగ్యులేటర్ పీకి బీరువాలో పెట్టాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మనిషి గురించి నేననుకున్నది ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

డిసెంబర్ 5

హోటలు ఇడ్లీలు. అత్తమ్మ ఇంటికొచ్చింది. మంచం హాల్లోనే వేశాం. రేణుక వచ్చి, వంటమనిషి ఉందని, మంచి మనిషని మూడుసార్లు చెప్పింది. నేను పొయ్యి గట్టు తుడిచాను. పొద్దున తుడిచాను, మధ్యాహ్నం తుడిచాను. మాడటానికి ఏమీ లేదు.

డిసెంబర్ 7

భాగ్యశ్రీ వచ్చి ఈయన ముందు నిలబడింది.

“అంకుల్, లైబ్రరీ పిల్లలందరం మాట్లాడుకున్నం. పొద్దున వంటప్పుడు రోజుకొకరం వచ్చి ఆంటీ కాడ కూసుంటం. కూసుని సదువుకుంటం, అంతే.”

ఈయన పుస్తకంలో లేని ప్రశ్నలన్నీ అడిగాడు. పరీక్షలప్పుడు ఎవరొస్తారు? సాయంత్రం ఎవరు? సాయంత్రానికి అత్తమ్మ మంచం మీంచి చెయ్యెత్తింది, కట్టు కట్టిన చెయ్యి. “నేనున్న గదరా. చెయ్యి కాలింది గని ముక్కు కాలలే.”

వంటింటికి పొయ్యి వేడిని పసిగట్టే రకం, గ్యాసుకు ఇంకో రకం తెస్తానన్నాడు. అన్నీ పెట్టి, ఒక్కోటి ఏమిటో నాకు చెప్పి, నేను అప్పజెప్పాకే రెగ్యులేటర్ ఇస్తాడట. స్కూల్లో కూడా నేనింత చదవలేదు.

డిసెంబర్ 10

రెగ్యులేటర్ ఇచ్చాడు. పప్పు, టమాట. గుమ్మంలో కుర్చీలో ఒక పిల్ల జాగ్రఫీ చదువుతూ మధ్యమధ్యలో “ఆంటీ, పోపు అయింది” అంటుంది. నాకు తెలుసు తల్లీ, కంటికి కనిపిస్తోంది అని విసుక్కున్నాను. విసుక్కోవడం ఎంత బాగుందో.

డిసెంబర్ 15

హిమాయత్‌నగర్ డాక్టరు. జ్వరంలో లోపలి నరాలు దెబ్బతిన్నాయట. రావచ్చు, రాకపోవచ్చు, ఆలస్యం చేయకుండా ఉండాల్సింది అన్నాడు. రోజూ లవంగం, నిమ్మ తొక్క వాసన చూస్తూ ఉండమన్నాడు. బయటికొచ్చాక ఈయన “గీ మాట చెప్పనీకె గింత చదువు చదివినాడా?” అని గొణిగాడు. కానీ దారిలో ఆగి నిమ్మకాయలు కొన్నాడు.

2013 డిసెంబర్ 8

ఇన్నాళ్ల తర్వాత ఇందులో రాస్తున్నాను.

ముక్కు రాలేదు. వానాకాలంలో ఒకసారి తడి మట్టి వాసన వచ్చింది, లేదా వచ్చిందనుకున్నాను. మళ్లీ రాలేదు. రోజూ పొద్దున లవంగం వాసన చూస్తాను, మాత్ర వేసుకున్నట్టు. క్యారియర్లు ఎక్కువయ్యాయి. భాగ్యశ్రీకి నౌకరీ ఇంకా రాలేదు, నోటిఫికేషనే రాలేదు. నెల మొదటి రోజున డబ్బా మీట నొక్కేది నేనే, ఒక్కసారే. బొంతలు దేవుని మూల నుంచి తీసేశాం. వత్తుల కట్ట ఇప్పుడు వరండాలో, ఇసుక పోసిన పెద్ద తాంబాళంలో వెలిగిస్తాం. దేవుడు అక్కడికే వచ్చి చూసుకుంటున్నాడు.

ఇవాళ పొద్దున మంచి చలి. ఈయన మార్కెట్‌కు పోయాడు. దేవుని మూల వైపు నుంచి కిచ్ మంది.

కొత్త బ్యాటరీ బీరువాలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. స్టూలు వేసుకుని ఎక్కబోతుంటే అత్తమ్మ మంచం మీంచి పిలిచింది.

“జర ఆగు దమయంతీ.”

“ఏంటత్తమ్మా?”

“అది మార్చినవంటె మళ్ల మాట్లాడది. ఒక్కటి అడగనియ్యి.”

“అది బల్లి కాదత్తమ్మా. బ్యాటరీ.”

“నాకెరుకనే. నువ్వు దిగు.”

ఏడుపొచ్చేంత విసుగొచ్చింది. దిగి ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాను. ఆమె పైకి డబ్బా వైపు చూస్తూ అడిగింది. పోయినేడు రోజూ అడిగిన మాటే. ఇద్దరం నోరు మూసుకుని చూశాం. పాలవాడి సైకిల్ గంట, పక్కింట్లో రేడియో, మళ్లీ నిశ్శబ్దం. ఇంతకాలానికి ఈ డబ్బా కూడా మాట తప్పుతుందేమో అనుకున్నాను.

కిచ్ మంది.

“సత్యం” అని అత్తమ్మ కాలిన చేతి వేళ్లతో మంచం పట్టె మీద మూడుసార్లు కొట్టింది. నేనూ కొట్టాను. తర్వాత స్టూలెక్కి బ్యాటరీ మార్చాను.